రొయ్యల చెరువు బురదతో పాత బ్యాటరీల కోబాల్ట్‌ను రాబట్టే పద్ధతి

ఎసిటేట్‌ను (వెనిగర్‌లోని ఆమ్లపు లవణాన్ని) తిని ఎలక్ట్రాన్లను విడిచే సూక్ష్మజీవులు ఉన్నాయి. ఆ ఎలక్ట్రాన్లతో పాత సెల్‌ఫోన్ బ్యాటరీల నల్లపొడిలోని కోబాల్ట్‌ను రాబట్టవచ్చు. ఇది కళాశాల ప్రయోగశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలో చేయదగిన పని. బ్యాటరీలను మాత్రం స్వయంగా కోయకూడదు. వాటిలోని లిథియం లవణానికి తేమ తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల కింద నమోదైన రీసైక్లర్ నుంచి లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పొడి తెచ్చుకోవాలి.

సూక్ష్మజీవుల కోసం మనకు దూరం వెళ్లనక్కరలేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపుగాని, ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపుగాని రొయ్యల చెరువు అడుగున, గాలి సోకని లోతులో ఉండే నల్లబురద చాలు. పంట తీశాక బ్లీచింగ్ చల్లిన చెరువు బురద మాత్రం పనికిరాదు, అందులో బతికి ఉన్నవి తక్కువ.

250 మిల్లీలీటర్ల గాజు సీసాలు రెండింటిని కాటయాన్ మార్పిడి పొర (ధనావేశ అయాన్లను మాత్రమే దాటనిచ్చే పొర) మధ్యలో ఉండేలా కలపాలి. ఆనోడ్ (సూక్ష్మజీవులు విడిచే ఎలక్ట్రాన్లను అందుకునే ఎలక్ట్రోడ్) సీసాలో ఆ ఎలక్ట్రోడ్‌గా కార్బన్ ఫెల్ట్, కొద్దిగా బురద, లీటరుకు 1 గ్రాము సోడియం ఎసిటేట్ కలిపిన 7 పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) గల ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) ఉంచి, నైట్రోజన్‌తో గాలిని వెళ్లగొట్టి మూత బిగించాలి. కాథోడ్ (ఆ ఎలక్ట్రాన్లు చేరే ఎలక్ట్రోడ్) ఉంచిన రెండో సీసాలో బఫర్ పోసి, అక్వేరియం పంపుతో గాలి ఊదుతూ, రెండు ఎలక్ట్రోడ్లను 1000 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కలపాలి. వోల్టేజి పెరిగి నిలకడకు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అది పడిపోయినప్పుడల్లా ఎసిటేట్ మార్చాలి. మన వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, సీసాలను 30 డిగ్రీల దగ్గర నిలిపే చోట ఉంచాలి.

తర్వాత కాథోడ్ ద్రావణాన్ని తీసేసి, పీహెచ్ 2 ఉన్న పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నల్లపొడిని వేసి, అది ఎలక్ట్రోడ్‌కు తగులుతూ ఉండేలా కలియబెట్టాలి. పొడిలోని మూడు ఆవేశాల కోబాల్ట్ ఒక్క ఎలక్ట్రాన్ అందుకోగానే రెండు ఆవేశాలదై ద్రావణంలోకి దిగుతుంది. అయితే ఒక్కో ఎలక్ట్రాన్‌కు నాలుగు ప్రోటాన్లు (ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు) ఖర్చవుతాయి కాబట్టి పీహెచ్ పైకి పోతుంది. దాన్ని రోజూ చూసి ఆమ్లం కలపకపోతే ప్రయోగం మధ్యలోనే ఆగిపోతుంది. ఆమ్లం పొర దాటి ఆనోడ్ సీసాలోకి చేరితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి గనుక అక్కడి పీహెచ్‌నూ కనిపెట్టి ఉండాలి.

పొడిలో రాగిరేకు ముక్కలు ఉండి కరిగితే, ఆ రాగి బయటి కరెంటు లేకుండానే కాథోడ్ మీద పేరుకుంటుంది. దాన్ని తీసి, కొత్త కాథోడ్ పెట్టి, పీహెచ్‌ను 5–6కు చేర్చి, నైట్రోజన్ పంపుతూ బయటి నుంచి 0.3–0.5 వోల్టులు ఇస్తే కోబాల్ట్ పేరుకుంటుంది. ఓపిక తప్పదు: 1 మిల్లీ ఆంపియర్ కరెంటు మొత్తం కోబాల్ట్‌కే వినియోగమైనా, 1 గ్రాము లోహానికి సుమారు 38 రోజులు కావాలి.

లిథియం ఈ పద్ధతిలో పేరుకోదు. మిగిలిన ద్రావణాన్ని చిక్కబరచి, సోడియం కార్బొనేట్ కలిపితే అది లిథియం కార్బొనేట్‌గా వేరుపడుతుంది. ఈ లవణం చన్నీళ్లలో కంటే వేడినీళ్లలో తక్కువగా కరుగుతుంది గనుక వేడిమీదే వడపోయాలి. వడపోశాక మిగిలిన నీటిని కాలువలో పారబోయకుండా సీసాలో భద్రపరచి, పొడి ఇచ్చిన రీసైక్లర్‌కే తిరిగి అప్పగించాలి.