సంపు మీద సెన్సార్ రిలే టకటకా కొట్టుకుంటాంటే హిస్టెరిసిస్ ఎంత పెట్టాల

సమస్య: తాడిపత్రి పక్క బండల పాలిష్ యూనిట్లలో నీళ్ల సంపు పైన అల్ట్రాసోనిక్ సెన్సార్ (శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైమును బట్టి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచేది) పెట్టింటారు, సంపు నిండి సెట్ చేసిన మట్టానికి నీళ్లు వచ్చేసరికి రిలే (సెన్సార్ చెప్తే ఆన్ ఆఫ్ అయ్యే చిన్న స్విచ్) టకటకా కొట్టుకుంటాది, దాంతోపాటే కాంటాక్టర్ (మోటర్‌కు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కూడా, మోటర్ ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్. ఇట్లే వదిలేస్తే కాంటాక్టర్ పాయింట్లు కాలిపోతాయి, మోటర్ వైండింగ్ వేడెక్కుతాది, సెన్సార్ పోయిందేమోనని కొత్తది తెచ్చి పెట్టినా అదీ అట్లే చేస్తాది.

కారణం: నీళ్లు ఎప్పుడూ అల్లాడుతానే ఉంటాయి. సెన్సార్ నుంచి నీళ్లకు దూరం 40 సెంటీమీటర్లకు వస్తే ఆఫ్ కావాలని పెడితే రీడింగ్ 39.6, 40.3, 39.8 అని ఊగుతాంటాది, దాటిన ప్రతిసారీ అవుట్‌పుట్ మారుతాది. అందుకే ఆన్ పాయింట్ వేరే, ఆఫ్ పాయింట్ వేరే ఉండాల, ఆ రెండిటి మధ్య ఎడమే హిస్టెరిసిస్.

పరిష్కారం: ముందు ఊగుడు ఎంతో చూడండి. మెషిన్లన్నీ ఆడేటప్పుడు, రిటర్న్ నీళ్లు సంపులో పడేటప్పుడు రీడింగ్ చూస్తా అతి తక్కువ, అతి ఎక్కువ రాసుకోండి, తేడా 2 సెంటీమీటర్లు వస్తే హిస్టెరిసిస్ కనీసం 4 పెట్టండి. ఊగుడు కంటే తక్కువ పెడితే పెట్టనట్టే. సంపు నింపే మోటర్‌కైతే ఇంకా ధారాళంగా, దూరం 120కి పోతే ఆన్, 40కి వస్తే ఆఫ్, ఎడం 80. ఈడ చానామంది తిరగేసి పెడతారు, సెన్సార్ పైన ఉంది కాబట్టి నీళ్లు తగ్గేకొద్దీ దూరం పెరుగుతాదని గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఆన్ అయితే మళ్లీ ఆఫ్ కాకపోతే? హిస్టెరిసిస్ ఎక్కువైనట్టు. సంపు కాకుండా, బండలు పోయే కన్వేయర్ బెల్ట్ పైన సెన్సార్ ఉందనుకోండి, బెల్ట్ 60 సెంటీమీటర్ల దూరం, బండ మందం 2, అంటే బండ వస్తే 58 చూపిస్తాది. ఆన్ 59కి పెట్టి హిస్టెరిసిస్ 2 ఇస్తే ఆఫ్ 61కి పోయింది, బెల్ట్ ఉండేదే 60లో, ఇంక ఆఫ్ ఎట్లయితాది? అర సెంటీమీటర్ ఇస్తే 59.5కి ఆఫ్ అయితాది. ఊగుడే అంతకంటే ఎక్కువుంటే అల్ట్రాసోనిక్ ఆ పనికి రాదు, లేజర్ చూడాల, కానీ పాలిష్ చేసిన నల్ల కడప బండ మీద లేజర్ కూడా తడబడతాది, కొనకముందే అదే బండ పెట్టి చూడండి.

పొద్దున సరిగ్గా ఉండి మధ్యాహ్నం పాయింట్ జరిగిపోతాంటే హిస్టెరిసిస్ జోలికి పోవద్దు, అది ఎండ పని. గాలిలో శబ్దం వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, ఒక్కో డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతాది, 25 నుంచి 42 డిగ్రీలకు పోతే మీటర్ దూరంలో దాదాపు 3 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తాది. టెంపరేచర్ కాంపెన్సేషన్ (గాలి వేడిని బట్టి లెక్క సరిచేసుకునేది) ఉండే సెన్సార్ తీసుకోండి, దానికీ నీడ కట్టండి, ఎందుకంటే బాడీ కాలిపోతాంటే అది గాలి వేడిని కూడా తప్పుగానే లెక్కేస్తాది.

ఊగుడు మరీ 10 సెంటీమీటర్లుంటే సెట్టింగ్‌తో కాదు, రిటర్న్ పైపు సెన్సార్ కిందే పడతాందేమో చూసి పక్కకు మార్చండి, కుదరకపోతే సెన్సార్ కింద నున్నటి పీవీసీ పైపు నీళ్లలోకి దించి పైన గాలికి ఒక బొక్క పెట్టండి, పైపు లోపల నీళ్లు అంతగా అల్లాడవు.