ముఖానికి పీఆర్‌పీ, మైక్రోనీడ్లింగ్ చేయించుకునే ముందు జాగ్రత్తలు

మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే వేరుచేసి (పీఆర్‌పీ), సన్నటి సూదులతో (మైక్రోనీడ్లింగ్) చర్మంలోకి పంపే చికిత్స ఇది. కోత లేదు కదా అని బ్యూటీ పార్లర్‌లో చేయించుకోకండి. డెర్మటాలజిస్టు దగ్గరికే వెళ్లండి.

• అన్నిటికన్నా ముఖ్యం శుభ్రత. సూది, రక్తం పట్టే ట్యూబు మీ కళ్లముందే కొత్త ప్యాకెట్ విప్పి తీయాలి. ట్యూబు మీద మీ పేరు రాయమనండి. మొహమాటపడొద్దు. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక స్పాలో ఇలాంటి ఫేషియల్ చేయించుకున్న కొందరికి హెచ్‌ఐవీ సోకిందని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో వెల్లడించింది. ఆ స్పా 2018లోనే మూతపడింది.

• వాడుతున్న మందులన్నీ చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపకండి, ఆ నిర్ణయం డాక్టరుదే. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తాయి, ఎన్నాళ్ల ముందు ఆపాలో అడగండి. మెడికల్ షాపులో కొన్న తెల్లబడే క్రీము రాస్తుంటే దాచకండి. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు.

• చీముపట్టిన మొటిమలు, పెదవి దగ్గర జ్వరపు పొక్కులు ఉంటే వాయిదా వేయండి. గాయం మానాక మచ్చ ఉబ్బే తత్వం ఉన్నా ముందే చెప్పాలి.

• రెటినాల్ క్రీము (ముడతలు, మొటిమలకు రాసేది), బ్లీచింగ్, వాక్సింగ్ కొన్ని రోజుల ముందే మానేయాలి.

• మన చామనఛాయ చర్మంపై ఎండ తగిలితే నల్లమచ్చలు త్వరగా పడతాయి. సన్‌స్క్రీన్ ముందునుంచే అలవాటు చేసుకోండి.

• పెళ్లి ఉంటే, కనీసం నెల ముందే పూర్తిచేసుకోండి. ఎరుపు కొద్ది రోజుల్లో తగ్గినా, ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది.