రేపటి కంచం ఎవరి చేతిలో?

మా అమ్మాయికి పదిహేనేళ్లప్పుడు రెండు ఇడ్లీలు తినడానికి యాభై నిమిషాలు పట్టేది. ఇడ్లీని గోరంత ముక్కలు చేసి కంచం అంచున వరసగా పేర్చేది. సాంబారు చల్లారి తెట్టు కట్టేది. చుట్టాలేమో "సన్నబడ్డాక ఎంత చక్కగా ఉందో" అనేవారు.

అది అనోరెక్సియా, లావవుతానన్న భయంతో తిండి బాగా తగ్గించేసే రుగ్మత. మొదట కలిసిన కౌన్సెలర్ "ముందు కారణం తెలియాలి, తిండి సంగతి తర్వాత" అన్నారు. ఆరు వారాలు కారణం వెతికాం. ఈలోగా పిల్ల మూడు కిలోలు తగ్గింది.

అందుకే థెరపీ కన్నా ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాడి, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడమని అడగండి. మెలకువగా ఉండగా నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, పిల్ల స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికే. బాగా చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం కూడా ప్రమాదమే, ఫాస్ఫేట్ పడిపోతుంది. మొదటి రోజుల్లో ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఆ తర్వాత థెరపిస్టులను పోల్చడానికి నేను వాడిన ప్రశ్న ఒక్కటే: "రేపు పొద్దున కంచంలో ఏముండాలో ఎవరు నిర్ణయిస్తారు?"

"అమ్మానాన్నలు" అంటే అది కుటుంబ ఆధారిత చికిత్స. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. కారణం వెతకదు, ఎవరినీ నిందించదు. ఆరు నెలల నుంచి ఏడాది, సుమారు ఇరవై సెషన్లు. రెండో సెషన్‌కు భోజనం తెచ్చుకోమంటారు. నేను క్యారియర్‌లో పెరుగన్నం తీసుకెళ్లాను. థెరపిస్టు మూత తీసి చూసి, "ఇది పిల్లకు చాలే భోజనమా, గొడవ లేకుండా గడిచే భోజనమా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి పప్పు, నెయ్యి మళ్లీ కంచంలోకి వచ్చాయి, ఏడుపులతో సహా.

2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో అనోరెక్సియా ఉన్న 121 మంది పిల్లలను చూశారు. చికిత్స ముగిసిన ఏడాదికి, కుటుంబంతో కలిసి చేసినవారిలో 49 శాతం పూర్తిగా కోలుకున్నారు. పిల్లలతో విడిగా చేసిన చికిత్సలో 23 శాతమే. అయితే దీనికి పూటపూటకూ పక్కన కూర్చునే మనిషి కావాలి, ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. మా అత్తయ్య "పోనీలే, రేపు తింటుందిలే" అన్న ప్రతిసారీ ఒక పూట చేజారేది. కొట్టే తిట్టే ఇంట్లో మాత్రం ఈ పద్ధతి వద్దు.

"అమ్మాయే" అంటే తిండి రుగ్మతల కోసం మలిచిన సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. తిన్న వెంటనే నోట్‌బుక్‌లో రాసుకోవడం, వేళకు తినడం, వారానికోసారి బరువు చూసుకోవడం. బరువు మరీ తగ్గనివారికి ఇరవై వారాల్లో ఇరవై సెషన్లు, బాగా తగ్గినవారికి నలభై దాకా. హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లకో, కుటుంబ చికిత్స పొసగని ఇంటికో ఇది నయం. కానీ మారాలన్న కోరిక కొంతైనా పిల్లకు ఉండాలి. మా అమ్మాయికి అప్పటికి లేదు.

చేతులు కోసుకోవడం, పట్టలేని ఆవేశం కూడా ఉంటే డీబీటీ నైపుణ్యాలు, అంటే ఉద్వేగాలను అదుపులో పెట్టుకునే మెళకువలు, తోడు కావచ్చు. లావవుతానన్న భయం కాక గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో తినని పిల్లల సమస్య వేరు. వాళ్లకు ఇవేవీ ఉన్నవున్నట్టు సరిపోవు.

క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. కుటుంబ చికిత్సలో నాలుగో సెషన్‌కల్లా సుమారు రెండు కిలోలు పెరిగిన పిల్లలు కోలుకునే అవకాశం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఆ వేళకు బరువు కదలకపోతే మొహమాటపడకుండా, ఏం మారుస్తారని అడగండి.

ఏడో నెలలో సాయంత్రం తిండి అమ్మాయికే వదలమన్నారు. వంటింట్లో జంతికల డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఎన్ని తీసుకుందో చూడాలని కాళ్లు లాగాయి. హాల్లోనే కూర్చున్నాను.