క్రూజ్ ఎక్కే ముందు: ఓడ మీ కోసం ఆగదు

2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరంలోని సావో టోమే దీవిలో ఎనిమిది మంది ప్రయాణికులు రేవుకు తిరిగొచ్చేసరికి వాళ్ల క్రూజ్ ఓడ ఇంకా కళ్లెదుటే లంగరేసి ఉంది. అక్కడి తీర రక్షక దళం వాళ్లు పడవలో ఓడ దాకా తీసుకెళ్లారు కూడా. అయినా ఎక్కించుకోలేదు. సొంతంగా మాట్లాడుకున్న టూర్ ఆలస్యమైంది, గడువు దాటింది, అంతే. ఆ బృందంలో ఒక గర్భిణి కూడా ఉన్నారు. దేశాలు దాటుకుంటూ గాంబియా చేరితే అక్కడ ఓడ రేవులోకి రాలేకపోయింది. చివరికి సెనెగల్‌లో గానీ అందుకోలేకపోయారు.

క్రూజ్ జాగ్రత్తలంటే టోపీ, సన్‌స్క్రీన్, చెప్పులు అని అందరూ చెప్తారు. అవి మీకు తెలిసినవే. సెలవులను నిలువునా ముంచే తప్పు మాత్రం ఒకటే: "ఇంకా టైముందిలే" అనుకోవడం. ఎక్కే రోజూ అదే తప్పు, రేవులో దిగిన రోజూ అదే తప్పు.

ఎక్కే రోజు

ఓడ బయల్దేరే ఊరికి కనీసం ఒక రోజు ముందు చేరండి. మంచు, తుఫానుల కాలమైతే రెండు రోజులు. అదే రోజు పొద్దున దిగే విమానం టికెట్టు ఎంత చవగ్గా దొరికినా వద్దు. టికెట్టు మీద సాయంత్రం 5 అని ఉంటే అది ఓడ కదిలే సమయం. చెక్-ఇన్ కౌంటర్ అంతకు గంటో గంటన్నరో ముందే మూసేస్తారు. ఎక్కినవాళ్ల జాబితా సరిహద్దు అధికారులకు ఓడ కదలకముందే వెళ్లాలి. ఆ జాబితా వెళ్లిపోయాక కౌంటర్‌లో ఉన్న మనిషికి మీ మీద ఎంత జాలి ఉన్నా చేయగలిగింది దాదాపు ఉండదు. తర్వాతి రేవులో ఎక్కుదాం అనుకుంటే దానికి ఓడ కంపెనీ అనుమతి కావాలి, ఆ దేశం వీసా కావాలి, అక్కడిదాకా సొంత ఖర్చు.

రేవు బయట పోర్టర్‌కు ఇచ్చిన పెట్టె మీ క్యాబిన్ తలుపు దగ్గరికి చేరేసరికి చాలాసార్లు రాత్రి అవుతుంది. అందులో పాస్‌పోర్టు పెట్టి పంపేసి, పది అడుగులు వేశాక కౌంటర్ దగ్గర "పాస్‌పోర్టు?" అని అడిగితే తెల్లబోయేవాళ్లు ఉంటారు. అప్పటికి ఆ పెట్టె ఓడ అడుగున వందల పెట్టెల మధ్యకు వెళ్లిపోయి ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, రోజూ వేసుకునే మందులు, ఒక జత బట్టలు, ఛార్జర్ చేతిసంచిలోనే ఉండాలి.

వీసా విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఎంట్రీల లెక్క దగ్గర. బార్సిలోనాలో ఎక్కి, మధ్యలో ఇస్తాంబుల్‌లో ఆగి, ఏథెన్స్‌లో దిగే ప్రయాణం అనుకోండి. ఇస్తాంబుల్ వెళ్లడమంటే షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) నుంచి బయటికి వెళ్లినట్టే. ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో చెల్లిపోతుంది, ఏథెన్స్‌లో దిగనివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. ఓడ ఆగే ప్రతి దేశానికీ విడివిడిగా నిబంధన చూడండి, మీరు అక్కడ కాలు కింద పెట్టకపోయినా సరే.

ఇన్సూరెన్స్‌లో రెండు మాటలు ఉన్నాయో లేదో చదవండి: సముద్రం మీద నుంచి వైద్యం కోసం తరలించే ఖర్చు, ఓడ అందకపోతే అందుకునే ఖర్చు. ఓడలోని ఆసుపత్రి ప్రాణం నిలబెట్టి ఒడ్డుకు చేర్చడానికి ఉన్నది. అక్కడి బిల్లు మీరే కట్టాలి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఒడ్డుకే తీసుకెళ్లాలి, హెలికాప్టర్ పిలవాల్సి వస్తే ఖర్చు పదుల వేల డాలర్లలోకి పోతుంది. ఇంటి దగ్గర పనిచేసే ఆరోగ్య బీమా చాలావరకు సముద్రం మీద పనికిరాదు.

రేవులో దిగిన రోజు

అసలు గండం ఇక్కడే. ఓడకు తన గడియారం ఉంటుంది. చాలా ఓడలు ఊరి సమయానికి మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. మీ ఫోన్ మాత్రం ఒడ్డున టవర్ తగలగానే మిమ్మల్ని అడక్కుండా ఊరి సమయానికి మారిపోతుంది. ఊరి గడియారం ఓడ కంటే గంట వెనక ఉందనుకోండి: ఫోన్‌లో 3:30 చూసి మీరు నింపాదిగా కాఫీ తాగుతుంటారు, ఓడలో అప్పటికి 4:30. ఇది తెలివితక్కువవాళ్లకు జరిగేదేమీ కాదు. పొద్దుటి నుంచీ అదే ఫోన్ చూసుకుంటూ తిరిగిన ఎవరికైనా జరుగుతుంది.

అందుకని ఒడ్డుకు దిగే ముందే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి. వీలైతే మామూలు చేతి గడియారం ఒకటి ఓడ సమయానికి పెట్టుకోండి. దిగే మెట్ల దగ్గర బోర్డు మీద ఆల్ అబోర్డ్ సమయం, అంటే అందరూ ఓడెక్కేసి ఉండాల్సిన గడువు, రాసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. సాధారణంగా అది ఓడ కదిలే సమయానికి అరగంట ముందు, కొన్ని రేవుల్లో గంట ముందు. మీకు లెక్కలోకి రావాల్సింది ఆ సమయమే. 5కు ఓడ కదిలితే, 4:30 ఆల్ అబోర్డ్ అయితే, సొంతంగా తిరిగేవాళ్లు 3 గంటలకల్లా రేవు గేటు లోపల ఉండాలి. ఎక్కువ జాగ్రత్త అనిపిస్తుంది. మిగతా ఓడల జనం కూడా అదే రోడ్డు మీద అదే గంటకు వెనక్కి వస్తారు. అప్పుడు అర్థమవుతుంది.

ఓడ సముద్రంలోనే లంగరేసి చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చే చోట లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ చూడాల్సింది ఆఖరి టెండర్ పడవ సమయం. ఆ పడవ కోసం చివర్లో వరుస పెద్దదవుతుంది. గాలి లేస్తే పడవలు నెమ్మదిస్తాయి.

ఓడ కంపెనీ ద్వారా తీసుకున్న టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్ల ఖర్చుతో తర్వాతి రేవుకు చేరుస్తారు. బయట మాట్లాడుకున్న టూర్‌కు ఆ పూచీ లేదు. డ్రైవర్ ఎంత మంచివాడైనా, "రోజూ తీసుకొస్తుంటాను సార్" అని ఎంత ధీమాగా చెప్పినా లేదు. రేవుకు రెండు గంటల దూరంలో ఉన్న చోటికి వెళ్లాలంటే కంపెనీ టూరే తీసుకోండి, డబ్బు ఎక్కువైనా. ఊళ్లోనే నడిచి చూసేదైతే సొంతంగా వెళ్లండి. మిగిలిన డబ్బుతో మంచి భోజనం చేయొచ్చు.

జేబులో ఒక కాగితం ఉండాలి: ఓడ పేరు, అది ఆగిన టెర్మినల్ లేదా బెర్త్ పేరు, పోర్టు ఏజెంటు (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబరు. ఈ నంబరు ఆ రోజు క్యాబిన్‌కు వచ్చే కార్యక్రమాల కాగితంలోనో ఓడ యాప్‌లోనో దొరుకుతుంది. యాప్ ఓడ వైఫై లేకపోతే తెరుచుకోకపోవచ్చు, కాబట్టి చేత్తో రాసుకోండి. పెద్ద రేవుల్లో టెర్మినళ్లు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. టాక్సీ ఎక్కి "క్రూజ్ పోర్ట్" అంటే ఏ ఓడ దగ్గరికి తీసుకెళ్తాడో చెప్పలేం. ఒక బ్యాంకు కార్డు, కొంత నగదు, మర్నాటికి సరిపడా మందులు, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు కూడా దగ్గర పెట్టుకోండి. అసలు పాస్‌పోర్టు దగ్గర ఉండాలని ఆ దేశం చెప్తే అసలుదే తీసుకెళ్లండి. లేకపోతే ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ క్యాబిన్ సేఫ్‌లో ఒకేచోట ఉంచండి. మీరు రాలేదని తేలితే సాధారణంగా సిబ్బంది ఆ సేఫ్ తెరిచి, పాస్‌పోర్టులు తీసి పోర్టు ఏజెంటుకు ఇచ్చి వెళ్తారు. సూట్‌కేసు అడుగున బట్టల మధ్య దాస్తే వాళ్లకు దొరకవు, మీ పాస్‌పోర్టులు ఓడతోపాటే వెళ్లిపోతాయి.

ఓడ తప్పిపోతే విమానాశ్రయానికి పరుగెత్తకండి. ముందు పోర్టు ఏజెంటు, తర్వాత ఇన్సూరెన్స్, ఆ తర్వాతే టికెట్లు.

బృందంతో వెళ్తే బృందంతోనే తిరిగి రండి. 2025 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవిలో కొండెక్కుతున్న గుంపు నుంచి విడిపోయిన 80 ఏళ్ల మహిళను వదిలేసి ఓడ వెళ్లిపోయింది. మర్నాడు ఆమె మృతదేహం దొరికింది. లెక్క చూసుకోవాల్సింది ఓడవాళ్లే, నిజమే. కానీ అలసిపోయి మధ్యలో ఆగిపోతే గైడ్‌కు నోటితో చెప్పండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. పెద్దవాళ్లను ఒంటరిగా వెనక్కి పంపకండి.

ఓడ లోపల

అలారం డ్రిల్‌ను ఎగ్గొట్టొద్దు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అత్యవసరం. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా ఇటలీలో జిల్యో దీవి దగ్గర బండను గుద్దినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. 32 మంది చనిపోయారు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ చేయాలి. అత్యవసరంలో మీరు చేరాల్సిన చోటుకు, అంటే మీ మస్టర్ స్టేషన్‌కు, క్యాబిన్ నుంచి లిఫ్టు లేకుండా ఒకసారి నడిచి వెళ్లి చూడండి.

చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ జెల్ సరిగా పనిచేయదు. బఫేలో వడ్డించుకునే గరిటె అందరూ పట్టుకున్నదే, కాబట్టి వడ్డించుకున్నాక, తినే ముందు కడగండి. వాంతులు, విరేచనాలు మొదలైతే దాచకుండా చెప్పి క్యాబిన్‌లో ఉండండి.

కడుపులో తిప్పుతుందని భయముంటే ఓడ మధ్యలో, కింది డెక్‌లో క్యాబిన్ తీసుకోండి. కుదుపు అక్కడే తక్కువ. మాత్ర అయితే తిప్పడం మొదలయ్యే ముందే వేసుకోవాలి. డాక్టర్ చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీ రాస్తే, అంటించాక వెంటనే చేతులు కడగండి. ఆ వేలితో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

బాల్కనీ తలుపు, క్యాబిన్ తలుపు ఒకేసారి తెరవొద్దు. గాలి దూసుకొచ్చి బరువైన తలుపు కొట్టుకుంటుంది, వేళ్లు నలుగుతాయి.

రెయిలింగ్ ఎక్కొద్దు. ఫోటో కోసం పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టొద్దు.

ఈతకొలనులో పిల్లల్ని చేయి చాపితే అందేంత దూరంలో ఉంచుకోండి. చాలా ఓడల్లో లైఫ్‌గార్డు ఉండడు.

సిగరెట్ పీక సముద్రంలోకి విసరొద్దు. గాలి దాన్ని కింది బాల్కనీలోకి తెచ్చి పడేస్తుంది. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ ఓడ బాల్కనీల్లో మంటలు లేచి ఒకరు చనిపోయారు. ఆరని సిగరెట్టే కారణమై ఉంటుందని దర్యాప్తులో తేలింది.

ఇస్త్రీపెట్టె, కెటిల్, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తేవొద్దు. లాక్కుంటారు.

ఓడ కదలకముందే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఓడ టవర్‌కు తగులుకుంటే రోమింగ్ బిల్లు గుండె ఆగేంత వస్తుంది.

వాతావరణం బాగోక ఏదైనా రేవు మానేస్తే కంపెనీ మీకు పెద్దగా బాకీ పడదు. డబ్బు తిరిగి రాని బయటి టూర్లు కట్టొద్దు. అట్లాంటిక్ తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా.

ప్రతి రేవులో మళ్లీ గడియారం చూడండి. నిన్నటి సమయం ఇవాళ చెల్లదు. రేవు గేటు దగ్గర కొట్లు ఉంటాయి, ముందు ఓడ పక్కకు రండి, కొనాల్సింది ఆ తర్వాతే కొనండి.

దిగే ముందు రోజు రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు బయటికి తీశాకే పెట్టె మూయండి.

తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతదే తీసుకోండి. పొగమంచుకు ఓడ రేవులోకి రావడం ఆలస్యం కావచ్చు, ఇమిగ్రేషన్ వరుస కదలకపోవచ్చు. పొద్దున 10 గంటలకు బయల్దేరే విమానం వద్దు.