రోవర్ల ముడి చిత్రాలు చూసుకోవడానికి సొంత వ్యూయర్ తయారు చేసుకోవడం ఎలా?

అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లు పంపే చిత్రాలను నాసా ఏ మెరుగులూ దిద్దకుండా, అవి భూమికి చేరిన కొద్దికాలానికే అందరికీ అందుబాటులో పెడుతోంది. చూడటానికి నాసా వెబ్‌సైటు ఉండగా మళ్లీ సొంత వ్యూయర్ (చిత్రాలు తెచ్చి చూపే ప్రోగ్రాము) ఎందుకని అమలాపురం, కాకినాడ వైపు ఇంజినీరింగు విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. వెబ్‌సైటులో చిత్రాలు కనిపిస్తాయి, నిజమే. కానీ నిన్న మీరు చూసి మూసేసిన తర్వాత కొత్తగా ఏమేం వచ్చాయి, ఏ థంబ్‌నెయిల్‌కు (చిత్రం చిన్న నమూనాకు) పూర్తి చిత్రం ఇంకా రావలసి ఉంది, ఎడమ కెమెరా చిత్రానికి కుడి కెమెరా జత చేరిందా లేదా అన్నవి మీ తరఫున గుర్తు పెట్టుకునే బాధ్యత దానికి లేదు. సొంత వ్యూయర్ కట్టుకోవడానికి సరైన కారణం ఈ లెక్క ఒక్కటే. విచిత్రమేమిటంటే, నాకు తెచ్చి చూపించే వ్యూయర్లలో ఎక్కువ వాటికి నల్లని తెర, నున్నగా జరిగే బొమ్మలు, తిరిగే గ్లోబు అన్నీ ఉంటాయి. లెక్క మాత్రమే తప్పుగా ఉంటుంది.

కావలసినవి

మామూలు ల్యాప్‌టాప్, ప్రోగ్రాము రాయడానికి పైథాన్, చిత్రాల పనికి ఓపెన్‌సీవీ, వివరాలు దాచడానికి ఎస్‌క్యూలైట్, ఒక టెరాబైటు బయటి డిస్కు చాలు. ఫోల్డర్ల పేర్లతోనో ఎక్సెల్ పట్టికతోనో నెట్టుకొస్తామనేవారు ఇక్కడే మనసు మార్చుకోవాలి, ఎందుకంటే చిత్రాలు వేలల్లోకి వెళ్లాక ఫోల్డరు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. ఫోన్ యాప్‌గా మొదలుపెట్టవద్దు. ముందు కమాండ్ లైన్ మీద నడిచే సేకరణ ప్రోగ్రాము రాయాలి, అది వారం రోజులు తప్పులేకుండా నడిచిన తర్వాతే తెర సంగతి ఆలోచించాలి.

జాబితా తెచ్చుకోవడం

ఇది తేలిక. రెండు రోవర్లకూ చిత్రాల వివరాలు జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రాములు నేరుగా చదవగలిగే పాఠంగా దొరుకుతాయి. వెబ్ పేజీని చీల్చి లింకులు ఏరుకోవలసిన పని లేదు. రెండింటి అమరిక మాత్రం వేరువేరు. క్యూరియాసిటీ జాబితాలో కెమెరా పేరు పైస్థాయిలోనే ఉంటే, పర్సెవరెన్స్ జాబితాలో అది కెమెరా అనే విభాగం లోపల ఉంటుంది. వచ్చిన వెంటనే రెండింటినీ మీ సొంత అమరికలోకి మార్చుకోండి, అసలు జేసన్‌ను కూడా పక్కన దాచండి. ఒక్కో అభ్యర్థనకూ మధ్య రెండు సెకన్లు ఆగాలి. ఒకేసారి ఇరవై అభ్యర్థనలు పంపి వేగం గురించి గొప్పలు చెప్పుకోవడం మర్యాద కాదు, ఎందుకంటే ఆ సర్వరు మన ఒక్కరి కోసం పెట్టింది కాదు.

చిత్రాలన్నీ సోల్ సంఖ్య వారీగా ఉంటాయి. సోల్ అంటే అంగారకుడి మీద ఒక పగలు, ఒక రాత్రి కలిసిన కాలం. మన లెక్కలో 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. 2012 ఆగస్టులో దిగిన క్యూరియాసిటీకీ, 2021 ఫిబ్రవరిలో దిగిన పర్సెవరెన్స్‌కూ దిగిన రోజే సోల్ 0. పాత స్పిరిట్, ఆపర్చునిటీలను కూడా చేర్చుకునేవారు వాటికి లెక్క 1 నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు: ఏది కొత్తది?

దాదాపు అందరూ చేసే పని ఇది. చివరిసారి చూసిన సోల్ సంఖ్యను ఒకచోట రాసుకుంటారు, మర్నాడు అంతకంటే పెద్ద సంఖ్య ఉన్నవాటిని అడుగుతారు. ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది, ఏ లోపమూ చూపదు, కానీ మంచి చిత్రాలలో గణనీయమైన భాగాన్ని శాశ్వతంగా వదిలేస్తుంది. లోపం చూపించకుండా తప్పు చేసే ప్రోగ్రాముకంటే ఆగిపోయే ప్రోగ్రాము వెయ్యి రెట్లు మేలు.

కారణం, చిత్రాలు తీసిన వరుసలో భూమికి రావు. రోవరు తన చిత్రాలను ఎక్కువగా అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్, ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ వంటి ఉపగ్రహాలకు అందిస్తుంది. అవి గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాలలోని నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్ వంటి భూమి మీది యాంటెనాలకు పంపుతాయి. ఉపగ్రహం తలమీదుగా వెళ్లే కాసేపట్లో పట్టినంతే పడుతుంది. అందుకని థంబ్‌నెయిళ్లు ముందు వస్తాయి, వాటిని చూసుకుని ఏ పూర్తి చిత్రం ఎప్పుడు తెప్పించాలో శాస్త్రవేత్తలు నిర్ణయిస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవారికి ఇది వెంటనే బోధపడుతుంది: ముందు వచ్చి నిలబడిన లారీ గట్టు మీదే ఉండిపోతుంది, వెనక వచ్చిన మోటారు సైకిళ్లు సందుల్లో ఇరుక్కుని మొదటి ట్రిప్పులోనే నరసాపురం చేరిపోతాయి.

క్యూరియాసిటీ దిగుతున్నప్పుడు కింద అమర్చిన మార్డీ కెమెరా తీసిన దృశ్యాలే ఇందుకు మంచి ఉదాహరణ. దిగిన వెంటనే వచ్చినవి 192×144 పరిమాణంలోని 297 థంబ్‌నెయిళ్లు. పూర్తి చిత్రాలు ఆ తర్వాత విడతలుగా వచ్చాయి. అవన్నీ సోల్ 0 కిందికే వస్తాయి. సోల్ 1కి వెళ్లిపోయిన ప్రోగ్రాము వాటిని ఎన్నటికీ చూడదు. పైగా క్యూరియాసిటీ స్తంభం మీదున్న మాస్ట్‌క్యామ్ కెమెరాలకు ఒక్కోదానికి 8 గిగాబైట్ల సొంత జ్ఞాపకశక్తి ఉంది, కనుక ఒకసారి గట్టిగా కుదించి పంపిన చిత్రాన్నే చాలాకాలం తర్వాత, ఏ వివరమూ పోకుండా మళ్లీ పంపే వీలు ఉంది. అప్పుడు పాత సోల్‌లో కొత్త ఫైలు పుడుతుంది.

అయితే తీసిన తేదీ వదిలేసి, భూమికి చేరిన తేదీని పట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. కొంత మేలే, కానీ చాలదు. జాబితా పేజీలు పేజీలుగా వస్తుంది. మీరు రెండో పేజీ అడిగేలోపు మొదటి పేజీలోకి కొత్తవి చేరితే వరుస కిందికి జరుగుతుంది, చూసినవే మళ్లీ వస్తాయి, కొత్తగా చేరినవి కంటపడవు. మీ ప్రోగ్రాము మాత్రం అంతా అయిపోయిందని రాసుకుని పడుకుంటుంది.

చేయవలసింది ఇది. ప్రతి ఫైలుకూ ఉండే ఇమేజ్ ఐడీని పట్టికలో అద్వితీయమైన తాళంగా (ఒకే ఐడీ రెండుసార్లు చేరకుండా) పెట్టండి, ఉన్నది మళ్లీ వస్తే నిశ్శబ్దంగా వదిలేయమనండి. నడిచిన ప్రతిసారీ గత ముప్పై సోల్‌లను తిరిగి అడగాలి. వారానికొకసారి మొత్తం పాత సోల్‌లన్నింటికీ చిత్రాల సంఖ్య మాత్రం అడిగి, మీ పట్టికలోని సంఖ్యతో తేడా ఉన్నవాటినే మళ్లీ దించుకోవాలి. ముప్పైకి బదులు పది చాలదా అని అడగవద్దు, చాలదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫైలు మీ ప్రోగ్రాము కంటపడిన సమయాన్ని వేరే గడిలో రాసి, ఆ తర్వాత ఏ పరిస్థితిలోనూ దాన్ని మార్చకుండా ఉంచడం. మీకు కొత్తది అంటే ఆ గడి ప్రకారం కొత్తది. నాసా తేదీల ప్రకారం కాదు.

ఇక రెండో జాగ్రత్త. పట్టిక ఒకటి కాదు, రెండు ఉండాలి: ఒకటి కెమెరా తీసిన దృశ్యానికి, మరొకటి ఆ దృశ్యం నుంచి పుట్టిన ఫైళ్లకు. రోవరు, కెమెరా, అంతరిక్షనౌక గడియారం (చిత్రం తీసినప్పుడు రోవరు లోపలి గడియారం చూపిన సంఖ్య), ఈ మూడూ కలిస్తే ఒక దృశ్యం. పర్సెవరెన్స్ ఫైలు పేరు ఒకటి తీసుకుని చూడండి: మొదట కెమెరాను తెలిపే అక్షరాలు, తర్వాత నాలుగు అంకెల సోల్, ఆ పక్కన పది అంకెల గడియారం. ఆ గడియారం 2000 జనవరి 1 మధ్యాహ్నం నుంచి నడుస్తున్న సెకన్ల లెక్క. థంబ్‌నెయిల్‌కూ పూర్తి చిత్రానికీ ఇది ఒక్కటే కనుక రెండూ తమంతట తామే ఒక దృశ్యం కిందికి చేరతాయి. పూర్తి చిత్రం లేని దృశ్యాలేవో ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. ఆ సెకన్లను మీరే తేదీగా మార్చబోకండి. గడియారం కొద్దికొద్దిగా తప్పుతుంటుంది, సరిచేసిన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం పక్కనే ఇచ్చి ఉంటుంది.

అయితే గడియారం ఒకటే అయితే ఫైలు కూడా ఒకటే అనుకుని మిగతావి తీసిపారేసేవారు పర్సెవరెన్స్ దగ్గర ఘోరంగా దెబ్బతింటారు. దారి చూసుకోవడానికి దానికున్న నావ్‌క్యామ్ కెమెరా పూర్తి చిత్రం 5120×3840. అంత చిత్రాన్ని ఒకేసారి పంపరు. 1280×960 మించని ముక్కలుగా పంపుతారు, అంటే పదహారు ముక్కలు. పదహారింటికీ గడియారం ఒక్కటే. ఏ ముక్క ఎక్కడ అతకాలో సబ్‌ఫ్రేమ్ అనే నాలుగు సంఖ్యల గడి చెబుతుంది. దాన్ని దాచకపోతే మీ దగ్గర ఒక రాయి మూల, ఒక చక్రం సగం మిగులుతాయి. ముక్కలు కూడా ఒకే రోజు రావాలని లేదు కనుక, ఎన్ని వచ్చాయో దృశ్యం పట్టికలో లెక్క పెట్టుకోవాలి.

సమయాలన్నీ యూటీసీలోనే దాచాలి. ఐదున్నర గంటలు కలపడం తెర మీద చూపేటప్పుడు చేయవలసిన పని. భారత కాలమానం తేదీల ప్రకారం చిత్రాలను గుంపులు కట్టేవారికి ఒక సోల్ రెండు తేదీల మధ్య చీలిపోతుంది, పగటి దృశ్యాల వరుస నడుమ తెగిపోతుంది.

చిత్రాలు దించుకోవడం

గాలివానకు కొబ్బరి మట్ట తీగ మీద పడితే కరెంటూ నెట్టూ కలిసే పోయే ఊళ్లు మనవి. కాబట్టి ప్రతి చిత్రాన్నీ తాత్కాలికమైన పేరుతో దించుకుని, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టాలి. జేపెగ్ ఫైలు చివరి రెండు బైట్లు ఎఫ్‌ఎఫ్, డీ9 అయితేనే పూర్తయినట్లు. ఫైలు తెరుచుకుంది కదా అని సరిపెట్టుకోకూడదు, సగం దిగిన జేపెగ్ కూడా తెరుచుకుంటుంది, కింది సగం బూడిదరంగులో ఉంటుంది.

రంగులు

కొన్ని మాస్ట్‌క్యామ్ చిత్రాలు నలుపు తెలుపుల్లో, దగ్గరగా చూస్తే సన్నని గళ్లతో వస్తాయి. చిత్రం చెడిపోలేదు. సెన్సరు ముందు ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఒకటి ఉంటుంది. ఆ లెక్క విడదీయక ముందు రూపం అది. ఓపెన్‌సీవీలో ఒక్క పంక్తితో రంగులు తేలతాయి, కాకపోతే ఎరుపుతో మొదలయ్యే అమరికకు ఆ లైబ్రరీ పెట్టుకున్న పేరు బేయర్ బీజీ. ఆ పేరు చూసి తడబడి ఆర్జీ అని రాస్తే ఎర్రని నేల నీలమవుతుంది. రంగును అందంగా పెంచే మీటలేవీ వ్యూయర్‌లో పెట్టవద్దు. ముడి చిత్రాన్ని ముడి చిత్రంగానే చూడాలి. కొలతలకు సరిపడే రంగు కావాలంటే కొన్ని నెలల తర్వాత నాసా భాండాగారమైన ప్లానెటరీ డేటా సిస్టమ్‌లోకి చేరే సవరించిన ప్రతులు తీసుకోవాలి.

తెర మీద

ఎడమ, కుడి బాణం మీటలతో దృశ్యం నుంచి దృశ్యానికి. పై, కింది మీటలతో సోల్ నుంచి సోల్‌కు. ఇంతకు మించి అక్కరలేదు. ఒక్క అదనపు సౌకర్యం మాత్రం తప్పక చేర్చండి: వివరాలలో ఇచ్చిన మాస్ట్ (కెమెరాలున్న స్తంభం) దిక్కు, ఎత్తు కోణాల ప్రకారం థంబ్‌నెయిళ్లను తెర మీద పరచడం. అతుకులు సరిగ్గా కుదరకపోయినా రోవరు ఎటు చూస్తోందో ఒక్క చూపులో తెలుస్తుంది. పర్సెవరెన్స్ దిగిన జెజెరో బిలంలో ఒకప్పటి నది పేర్చిన డెల్టా ఉంది, కోడియాక్ అనే చిన్న గుట్ట దానిలో మిగిలిన శకలం. 2021లో రెండు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తీసిన చిత్రాల్లో ఆ గుట్ట నిలువుకోత కనిపిస్తుంది: కింద బల్లపరుపు పొరలు, నడుమ వాలుగా ఒరిగిన పొరలు, పైన మళ్లీ బల్లపరుపు పొరలు. నది నిలకడ నీటిలోకి దిగేచోట ఒండ్రు జారి పేరుకుంటే పొరలు అలాగే వాలుతాయి. వశిష్ఠ, గౌతమి మోసుకొచ్చిన ఒండ్రు మీద ఇల్లు కట్టుకున్న మనకు ఆ నడిమి పొరలను సరైన దిక్కులో, సరైన ఎత్తులో చూడగలగడం ఈ శ్రమకు తగిన ప్రతిఫలమే. చిత్రాన్ని ఎవరికైనా పంపితే నాసా, జేపీఎల్ క్యాల్‌టెక్ పేర్లు, ఆ కెమెరాను నడిపే సంస్థ పేరు కింద రాయండి.

చివరగా పరీక్ష. ఏదో ఒక పాత సోల్ ఎంచుకుని, దానిలోని ఫైళ్లలో సగం వరుసలను పట్టిక నుంచి తీసేసి, వారపు సంఖ్యల పోలికతో సహా ప్రోగ్రామును నడపండి. చిత్రాలు దిగుతుండగా మధ్యలో రౌటరు ప్లగ్గు పీకండి, కాసేపాగి పెట్టి మళ్లీ నడపండి. ఆ సోల్‌లోని చిత్రాల సంఖ్య నాసా చూపే సంఖ్యతో సమానం కావాలి, తాత్కాలిక పేరుతో ఒక్క ఫైలు కూడా మిగలకూడదు, తీసేయని వరుసల్లో మొదట కంటపడిన సమయం పాతదే ఉండాలి. మూడింటిలో ఏది తప్పినా తెర పని మొదలుపెట్టవద్దు.