పికప్‌కి ఎయిర్ సస్పెన్షన్ – 3వ పాఠం: బరువు తూచాకే గాలి

కిందటి పాఠంలో కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) సంగతి చూశాం. ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎందుకు ఎగిరిపడుతుందో, అదే బండి లోడు పడితే ఎందుకు మెత్తగా సాగుతుందో తెలిసింది. వెనక చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి, రెండు పక్కలా కొలిచి రాసుకోమన్నాను. ఆ కొలత ఇవాళ కావాలి. రాసుకోనివాళ్లు ముందు ఆ పని చూడండి. బండి సమతలంగా ఉన్నచోట, లోడు లేకుండా, ఎవరూ ఎక్కకుండా కొలవాలి.

ఇవాళ బిగింపు కూడా ఉంది గానీ సగం పాఠం బరువు గురించే. విసుగనిపించినా దాటేయకండి. ఎయిర్ కిట్, అంటే కమాన్లకు తోడుగా పెట్టే గాలి బుడగలు, బిగించుకున్న బండ్లలో నేను చూసే అసలు తప్పు బోల్టుల దగ్గర జరగదు. "వెనక లేచింది కదా, ఇంక ఎంతైనా లాగుతుంది" అనుకోవడం దగ్గరే జరుగుతుంది.

ధర్మకాంట దగ్గర

లారీలు తిరిగే దారుల్లో ధర్మకాంట, అంటే బండిని ఎక్కించి తూచే వేబ్రిడ్జి, ఉంటుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. లారీల రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లి, నాలుగుసార్లు తూచాలని ముందే చెప్పండి. లేకపోతే రెండోసారికే కాంటా అతను విసుగ్గా చూస్తాడు.

మొదట ట్రైలర్ లేకుండా ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద పెట్టి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ. తర్వాత ట్రైలర్ తగిలించి, మళ్లీ ముందు చక్రాలతో ఒకటి, బండి నాలుగు చక్రాలూ కాంటా మీద, ట్రైలర్ చక్రాలు మాత్రం కిందే ఉండేలా ఒకటి. రెండు మొత్తం బరువుల తేడాయే హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించే గుండు) మీద పడుతున్న బరువు.

ఒక లెక్క వేద్దాం. మలక్‌పేట రేస్‌కోర్సు వైపు అప్పుడప్పుడు కనబడే గుర్రం ట్రైలర్లాంటిది, లోపల గుర్రంతో కలిపి 1500 కిలోలు అనుకుందాం. అందులో పదో వంతు, అంటే 150 కిలోలు హిచ్ మీద పడుతోంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలన్నది అమెరికాలో వాడుకలో ఉన్న లెక్క. అంతకంటే బాగా తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మన బండి చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ పికప్‌లు రెండూ ఇంచుమించు అంతే. వెనక యాక్సిల్ నుంచి బాల్ దాకా 1.25 మీటర్లు అనుకోండి.

బాల్ యాక్సిల్‌కి వెనకాల ఉంది కాబట్టి 150 కిలోలు 150గానే ఆగవు. వెనక యాక్సిల్ మీద 210 పెరుగుతుంది, ముందు యాక్సిల్ మీద 60 తగ్గుతుంది. 150ని 1.25తో గుణించి 3.1తో భాగిస్తే ఆ 60 వస్తుంది. మీ చీటీల్లో కూడా ఇదే కనబడాలి. పది, ఇరవై కిలోల తేడా ఉంటే అది కాంటాది. యాభై తేడా ఉంటే ఎక్కడో తప్పు తూచారు.

ఈ 60 కిలోల మీదే పాఠమంతా నడుస్తుంది. స్టీరింగ్ తేలిగ్గా అనిపించడానికి, తడి రోడ్డు మీద ముందు చక్రాలు పట్టు తప్పడానికి కారణం ముందు తగ్గిన ఆ బరువే. ఎయిర్ స్ప్రింగ్‌లో ఎంత గాలి కొట్టినా ఆ 60 ముందుకు తిరిగి రాదు. బండి వెనక భాగం లేస్తుంది, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద కాకుండా రోడ్డు మీద పడతాయి, కమాన్లు రబ్బరు దిమ్మకు గుద్దుకోవు. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ వెనక యాక్సిల్ మోసే బరువు మాత్రం గ్రాము కూడా తగ్గదు. బరువు ముందుకు పంపాలంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనే వేరే సరంజామా ఉంది, అది ఆరో పాఠంలో. ఆర్సీలో రాసిన లేడెన్ వెయిట్ (లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు), ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న టోయింగ్ పరిమితి ఎయిర్ కిట్ పెట్టాక కూడా అవే ఉంటాయి. కిట్ డబ్బా మీద రాసిన సామర్థ్యం ఆ బుడగలది, మీ బండిది కాదు.

రెండు రకాలు

వీడియోల్లో అమెరికా వాళ్ల పెద్ద పికప్‌లు చూసి చాలామంది గందరగోళపడుతున్నారు. అక్కడ రెండు పద్ధతులు నడుస్తాయి. రామ్ కంపెనీ 2014 మోడల్ నుంచి తన 2500 పికప్‌లో వెనక కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టింది, కావాలన్నవాళ్లకు కాయిల్ బదులు పూర్తి ఎయిర్ ఇచ్చింది. అంతకంటే ఎక్కువ మోసే 3500లో మాత్రం కమాన్లు ఉంచేసి, వాటికి తోడుగా ఎయిర్ ఇచ్చింది.

కమాన్ కట్ట బరువు మోయడంతో పాటు యాక్సిల్‌ని దాని స్థానంలో పట్టుకుని ఉంచుతుంది కూడా. దాన్ని తీసేస్తే యాక్సిల్ ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలకుండా లింకులు, పక్క రాడ్డు, ఛాసిస్‌కి కొత్త బ్రాకెట్లు కావాలి. మన గరుడ వోల్వో బస్సుల కింద వంగి చూస్తే ఆ రాడ్లు కనబడతాయి. అది వెల్డింగ్ షాపులో తేల్చే పని కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో పొసగకుండా పోయేలా బండిని మార్చకూడదంటోంది. కమాన్లు పీకే ఆలోచన ఉంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. తోడు బుడగల కిట్ విషయంలోనూ వారంటీ, ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. మనం నేర్చుకునేది ఈ రెండోదే, కమాన్లు ఉంచి పక్కన బుడగ పెట్టడం.

ఎంత గాలి?

టైరు షాపులో "ముప్పై అయిదు పెట్టు" అన్నట్టు ఇక్కడ చెప్పడం కుదరదు. మోయాల్సిన బరువుని బట్టే గాలి. ట్రైలర్ తగిలించి, ట్రేలో 200 కిలోల సామాను పెట్టాక, ఖాళీ బండికి రాసుకున్న కొలతతో పోలిస్తే వెనక భాగం 7 సెంటీమీటర్లు దిగిందనుకోండి. సామాను యాక్సిల్‌కి సరిగ్గా పైనే ఉందనుకుంటే కమాన్ల మీద కొత్తగా పడింది 210, 200 కలిపి 410 కిలోలు. అంటే సెంటీమీటరుకి దాదాపు 59.

ఏడుకి ఏడూ లేపకండి. లోడు ఉన్నప్పుడు వెనక కాస్త దిగి ఉండటమే బండికి సహజం. 5 సెంటీమీటర్లు లేపుదాం. 5ని 59తో గుణిస్తే దాదాపు 295, ఒక్కో పక్క 147 కిలోలు. బుడగ పనిచేసే వైశాల్యం కిట్ కాగితంలో ఉంటుంది, ఇక్కడ 160 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 147ని 160తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి 0.92 కిలోలు. దాన్ని టైరు గేజీ మీద ఉండే పీఎస్ఐలోకి మార్చడానికి 14.2తో గుణిస్తే 13 పీఎస్ఐ. ఇది మొదటి అంచనా మాత్రమే. బుడగ ఎత్తు మారితే వైశాల్యం మారుతుంది కాబట్టి టేపు పెట్టి చూసుకుంటూ సరిచేయాలి.

పదమూడేనా అని చాలామందికి అనుమానం వస్తుంది. వంద దాకా తట్టుకునే బుడగకి పదమూడు పెట్టడం డబ్బు దండగలా కనబడుతుంది. కానీ హాయి అంతా అక్కడే ఉంది. గాలి పెరిగేకొద్దీ బుడగ గట్టిపడుతుంది. బరువు, బిగువు కలిసి పెరుగుతాయి కాబట్టే లోడున్నా లేకున్నా ఎయిర్ బస్సు ఊపు ఒకేలా ఉంటుంది. బరువు పెంచకుండా గాలి మాత్రం పెంచితే మిగిలేది బిగువొక్కటే. ట్రైలర్ విప్పేశాక గాలి దించకుండా ఊళ్లో తిరిగేవాళ్లు నడుం పట్టుకుని మళ్లీ కిట్‌నే తిడతారు. ఖాళీ బండికి 5 పీఎస్ఐ చాలు. సున్నా మాత్రం చేయకండి, మడతల మధ్య రబ్బరు నలిగి చిరుగుతుంది.

బిగింపు

బండిని ఛాసిస్ దగ్గర లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి, చక్రాలు విప్పండి. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరవద్దు. ఛాసిస్‌కి, యాక్సిల్‌కి మధ్య ఉండే రబ్బరు దిమ్మ విప్పితే సాధారణంగా ఆ చోటులోనే బుడగ కూర్చుంటుంది. కింది బ్రాకెట్ యూ బోల్టుల పక్కన కమాన్ కట్టని పట్టుకుంటుంది. పైదీ కిందిదీ ఒకే తిన్నని గీతలో ఉండాలి. వంకరగా ఉంటే బుడగ ఒక పక్కకు ఉబ్బి అక్కడే అరుగుతుంది. చుట్టూ వేలు తిరిగేంత ఖాళీ ఉండాలి, ఉబ్బినప్పుడు కూడా. సైలెన్సర్ పైపు 6 అంగుళాల లోపు వస్తుంటే మధ్యలో హీట్ షీల్డ్ తప్పనిసరి.

నిదానంగా చేయాల్సింది గాలి పైపు కోత. లీకులన్నీ ఇక్కడే పుడతాయి. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే నైలాన్ పైపు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. లోపలి ఓ-రింగ్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ రెండు చివర్ల నుంచీ గాలి జారుతుంది. కొత్త బ్లేడు తీసుకోండి. పైపుని చెక్క మీద పెట్టి, నిలువుగా, ఒక్క వేటుకి కోయండి. కోసిన అంచుని వెలుతురులో తిప్పి చూడండి. వాలుగా ఉన్నా, నూగు ఉన్నా ఇంకో అంగుళం కోసేయండి, పైపుకి కొదవ లేదు. తర్వాత చివర నుంచి 14 మిల్లీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి ఫిట్టింగ్‌లోకి తోయండి. మొదట ఒకచోట ఆగుతుంది, చాలామంది అయిపోయిందనుకునేది అక్కడే. ఇంకాస్త గట్టిగా తోస్తే మళ్లీ కదిలి, గుర్తు దాగేదాకా వెళ్తుంది. వెనక్కి లాగి చూడండి, రాకూడదు. ఫిట్టింగ్‌ని బట్టి లోతు మారొచ్చు, కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

రెండు బుడగలకీ రెండు వేర్వేరు పైపులు, రెండు వాల్వులు పెట్టండి. ఒక టీ ఆకారపు జాయింటు పెట్టి రెండింటినీ కలిపేస్తే సులువే గానీ, మలుపులో బరువు పడ్డ పక్క గాలి ఎదుటి పక్కకి పారుతుంది, బండి ఇంకా ఒరుగుతుంది. ఓఆర్ఆర్ దిగే ర్యాంపుల వంపులో ట్రైలర్‌తో ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

పంక్చర్ షాపు మిషన్‌తో మొదటిసారి గాలి కొట్టించకండి. బుడగ చిన్నది, ఆ మిషన్ ప్రెషర్‌కి క్షణాల్లో హద్దు దాటుతుంది. సైకిల్ పంపు హాయి. గేజీ పెట్టి చూసిన ప్రతిసారీ ఒకటి రెండు పీఎస్ఐ గేజీలోకే పోతుంది, దాన్ని లీకు అనుకుని టెన్షన్ పడక్కర్లేదు. 30 దాకా నింపి ప్రతి ఫిట్టింగ్ మీద సబ్బు నీళ్లు రాయండి. తర్వాత రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. 5కి మించి పడిపోతే నురగ మళ్లీ వెతకాలి.

బ్రేకు రాడ్డు

ఈ సంగతి కిట్ అమ్మేవాళ్లు చెప్పగా నేను వినలేదు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఒక సన్నటి రాడ్డో స్ప్రింగో పైకి వెళ్లి ఛాసిస్ మీదున్న వాల్వుకి తగులుతుంది. బండి ఎంత దిగిందో చూసి వెనక బ్రేకులకి ఎంత ప్రెషర్ పంపాలో అది తేలుస్తుంది. మనం బుడగలతో వెనక భాగం లేపగానే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. లోడు నిండుగా ఉంటుంది, బ్రేకు మాత్రం ఖాళీ బండిది. టార్చ్ వేసి చూడండి. ఆ రాడ్డు ఉంటే, దాని సర్దుబాటు తెలిసిన బ్రేకు మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా బుడగలు లేపి ట్రైలర్ లాగవద్దు. అంచనాతో రాడ్డు వంచే మెకానిక్ దొరికితే దండం పెట్టి వచ్చేయండి.

మొదటి తిరుగుడు ట్రైలర్ లేకుండా, సర్వీస్ రోడ్డు మీద. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక ఒకసారి ఊగి ఆగితే సరే. రెండు మూడుసార్లు ఊగితే తప్పు గాలిది కాదు, షాకబ్‌లు అయిపోయాయి. వెనక్కి వచ్చాక యూ బోల్టుల పక్క బ్రాకెట్లకు మళ్లీ పానా పెట్టండి, కాస్త వదులై ఉంటాయి. వానాకాలంలో మడతల్లో ఇరుక్కున్న మట్టి, కంకర పైపు నీళ్లతో కడగండి. అద్దంలా మెరిసేందుకు టైర్లకి రాసే నూనెలు బుడగలకి రాయకండి.

వచ్చే పాఠం కంప్రెసర్ గురించి. క్యాబిన్‌లో కూర్చునే గాలి ఎక్కించి దించడం, రిలే, వైరింగ్. అప్పటిలోగా బానెట్ ఎత్తి మీ ఫ్యూజు బాక్సులో ఖాళీ స్లాటు ఉందో లేదో, బ్యాటరీ నుంచి వైర్లు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) దాటే చోట రబ్బరు బిళ్ల ఎక్కడుందో చూసి ఒక ఫొటో తీసి పెట్టుకోండి.