ఏఐ భయం ఉందా? ముందు ఒక నోట్‌బుక్ తీయండి

పదేళ్లుగా లెక్కల విభాగంలో నెలవారీ రిపోర్టులు చేస్తున్నాను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక పని చేశాను, మీరూ చేయండి: వారం పాటు ప్రతి అరగంటకూ ఏం చేశారో రాసుకోండి.

నా జాబితాలో సగానికి పైగా ఎక్సెల్‌లో అంకెలు సర్దడమే! అలాంటివి ఏఐకి ఇచ్చి చూడండి, కంపెనీ వివరాలు మాత్రం పెట్టకండి. నాకైతే ఒకసారి లేని ఇన్‌వాయిస్ నంబరు సృష్టించి, ధీమాగా మొత్తంలో కలిపేసింది. డెబిట్, క్రెడిట్ సరిపోలకపోవడంతో దొరికింది. అందుకే ఏఐ కోర్సుల వెంట పడేముందు మీ పనిలో బేసిక్స్ గట్టి చేసుకోండి.

ఇలా మిగిలిన టైములో అమ్మకాల వాళ్ల దగ్గర కూర్చుని రిపోర్టులో ఫలానా అంకె ఎందుకు తగ్గిందో అడుగుతున్నాను. ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకోండి. రెజ్యూమె కూడా ఈ వారమే దిద్దేయండి, నాది నాలుగేళ్ల పాతది.